పాలనా వేగానికి పురస్కారం: సరిహద్దు తాలూకాల ఉద్యోగులు ప్రతిపాదన తయారు చేసుకునే విధానం

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి తాలూకాలలోను, చంద్రపూర్ జిల్లాలోని రాజురా, జివతి వైపున, నాందేడ్ జిల్లాలోని కిన్వట్, దెగ్లూర్ ప్రాంతాలలోను తహసీల్ కచేరీల్లో, పంచాయతీ సమితుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు తమ టేబుల్ దగ్గర జరిగే పనిని నిజంగానే తేలిక చేసి, ప్రజలకు తిరుగుళ్లు తగ్గించినా, ఆ పనిని పురస్కారానికి పంపవచ్చన్న ఆలోచనే చేయరు. ఆలోచన వచ్చినవారు కూడా గడువుకు వారం రోజుల ముందు మేల్కొని, ఫోటోలతో, పత్రికల కత్తిరింపులతో ఒక లావుపాటి ఫైలు తయారు చేసి పంపుతారు. అది విభాగ స్థాయి దాటకపోతే మళ్లీ ఆ జోలికి పోరు. పురస్కార ప్రతిపాదన రాయడం మార్పు మొదలయ్యే రోజుకు ముందే, కచేరీ రిజిస్టర్లలోనే ప్రారంభం కావాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఈ మార్గదర్శిక అంతా ఆ ఒక్క అభిప్రాయం మీదనే ఆధారపడి ఉంది.

ఏయే పురస్కారాలు ఉన్నాయి

మహారాష్ట్రలో ఈ పనికి నేరుగా సంబంధించినది రాజీవ్ గాంధీ ప్రశాసకీయ గతిమానతా అభియాన్, అంటే పాలనా వేగం పెంచే కార్యక్రమం. దీనిని రాష్ట్ర ప్రభుత్వం పోటీ రూపంలో నిర్వహిస్తుంది. వర్గాలు, గడువు, బహుమతి మొత్తం వంటి వివరాలను శాసన నిర్ణయం ద్వారా, అంటే మన కచేరీల్లో అందరూ జీ.ఆర్. అని పిలిచే ఉత్తర్వు ద్వారా ప్రకటిస్తారు కనుక, పాత ఫారం చేతిలో ఉందని పని మొదలుపెట్టకుండా తాజా జీ.ఆర్.ను మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదవాలి. తాలూకా స్థాయి ప్రతిపాదన సాధారణంగా జిల్లాధికారి ద్వారా విభాగీయ ఆయుక్తుల (డివిజనల్ కమిషనర్) కచేరీకి వెళుతుంది. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలకు అది నాగపూర్, నాందేడ్ జిల్లాకు ఛత్రపతి సంభాజీనగర్. సిరొంచ నుంచి జిల్లా కేంద్రానికే 200 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నందున, సంతకాలకు, చేరవేతకు పట్టే సమయాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

కేంద్ర స్థాయిలో పాలనా సంస్కరణలు, ప్రజా ఫిర్యాదుల శాఖ నిర్వహించే పురస్కారాలు రెండు ముఖ్యమైనవి. మొదటిది ప్రజాపాలనలో శ్రేష్ఠతకు ఇచ్చే ప్రధానమంత్రి పురస్కారం. 1947 ఏప్రిల్ 21న ఢిల్లీలోని మెట్‌కాఫ్ హౌస్‌లో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ శిక్షణలో ఉన్న తొలి బృందం అధికారులను ఉద్దేశించి ప్రసంగించిన సందర్భాన్ని పురస్కరించుకుని, 2006 నుంచి ఆ తేదీన పౌరసేవల దినోత్సవం జరుపుతున్నారు. ఈ పురస్కారాన్ని ఆ సందర్భంలోనే అందజేస్తారు. జిల్లాకు సంబంధించిన వర్గంలో దరఖాస్తు జిల్లాధికారి పేరుతో పోర్టల్‌లో వెళుతుంది కాబట్టి, గుమాస్తా గాని, గ్రామ భూమి రికార్డులు చూసే తలాఠీ గాని నేరుగా పంపలేరు; తమ పనిని జిల్లా ప్రతిపాదనలో చేర్పించుకోవలసి ఉంటుంది. రెండవది ఈ-గవర్నెన్స్ జాతీయ పురస్కారం. సాంకేతికత ద్వారా సేవను మెరుగుపరిచిన కచేరీలకు స్వర్ణ, రజత శ్రేణుల్లో దీనిని ఇస్తారు. ప్రధానమంత్రి పురస్కారం కింద వచ్చే 20 లక్షల రూపాయలు గాని, ఈ-గవర్నెన్స్ స్వర్ణానికి వచ్చే 10 లక్షలు, రజతానికి వచ్చే 5 లక్షలు గాని జిల్లాకు లేదా సంస్థకు చెందుతాయి, వాటిని ప్రజోపయోగానికే ఖర్చు చేయాలి. ఈ సంగతిని బృందానికి మొదటిరోజే చెప్పడం మంచిది. తరువాత తెలిస్తే మనసులు కష్టపడతాయి.

వీటికి తోడు 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం వంద రోజుల కార్యాలయ సంస్కరణల కార్యక్రమం చేపట్టి, వెబ్‌సైటు, పరిశుభ్రత, ఫిర్యాదుల పరిష్కారం, వచ్చినవారికి సౌకర్యాలు, క్షేత్ర సందర్శన వంటి ఏడు అంశాలపై కచేరీలను మదింపు చేయించింది. ఆ మదింపుకు తయారు చేసిన కాగితాలు మీ కచేరీలో ఉంటే వాటిని పారవేయకండి, ప్రతిపాదనకు అవి మంచి పునాది అవుతాయి.

మార్పుకు ముందున్న స్థితిని రాసి పెట్టడం

నిర్ణేతలు ఏ ప్రతిపాదనలోనైనా మొదట వెతికేది మునుపు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది అన్న తేడానే. మునుపటి స్థితికి రుజువు లేకపోతే ఇప్పటి స్థితి ఎంత బాగున్నా అది మాటగానే మిగులుతుంది. కనుక ఒకే ఒక సేవను ఎంచుకుని, దాని ప్రయాణాన్ని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు వరకు రాయాలి.

మన ప్రాంతానికి బాగా సరిపోయే ఉదాహరణ వారస్ నోంద్, అంటే పట్టాదారు చనిపోయిన తరువాత వారసుల పేర్లను సాత్‌బారాలో, అంటే 7/12 అనే భూమి హక్కు పత్రంలో ఎక్కించడం. వారసులు మరణ ధ్రువపత్రంతో దరఖాస్తు ఇస్తారు; తలాఠీ విచారణ చేసి ఫేర్‌ఫార్ (పేరు మార్పు) నమోదు చేస్తాడు; సంబంధీకులకు నోటీసు వెళుతుంది; అభ్యంతరాలకు 15 రోజుల గడువు ఉంటుంది; ఆ తరువాత మండల అధికారి (సర్కిల్ ఆఫీసర్) ధ్రువీకరిస్తేనే కొత్త పేర్లతో సాత్‌బారా చేతికి వస్తుంది. ఇందులో 15 రోజుల నోటీసు గడువును తగ్గించడానికి ఏ ఉద్యోగికీ అధికారం లేదు, తగ్గించామని గొప్పగా రాసిన ప్రతిపాదన అక్కడికక్కడే తిరస్కరణకు గురవుతుంది. ఆ గడువు, నోటీసు అందని అక్కచెల్లెళ్ల హక్కును కాపాడేందుకు పెట్టినది. తగ్గించగలిగినదీ, తగ్గించవలసినదీ ఆ 15 రోజులకు ముందూ వెనకా ఫైలు ఊరికే పడి ఉండే కాలమే.

దీనిని కొలవడానికి ఆవక్-జావక్ రిజిస్టరు, అంటే వచ్చిన, పంపిన కాగితాల రిజిస్టరు ఒక్కటే చాలదు. దరఖాస్తు వచ్చిన తేదీ, జత చేయవలసిన కాగితాలన్నీ పూర్తయిన తేదీ, నోటీసు జారీ అయిన తేదీ, గడువు ముగిసిన తేదీ, ధ్రువీకరణ జరిగిన తేదీ, నకలు చేతికి ఇచ్చిన తేదీ అనే ఆరు తేదీలను ఒక పెద్ద నోటుపుస్తకంలో అడ్డ గడులుగా గీసుకుని, పాత ఫైళ్లు తిరగేసి నింపాలి. ఆరు తేదీల మధ్య దూరాలు కనబడగానే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది. చాలా కచేరీల్లో ఎక్కువ కాలం పోయేది దరఖాస్తు వచ్చిన నాటి నుంచి కాగితాలు పూర్తయ్యే నాటి వరకే.

ఇంకొక లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ మనిషి కచేరీకి ఎన్నిసార్లు వచ్చాడన్నది ఆ లెక్క. దీనికి సులభమైన పద్ధతి ఒకటి ఉంది: దరఖాస్తుదారు కిటికీ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఆ దరఖాస్తు వెనుక, కింది కుడి మూలన పెన్సిలుతో ఒక నిలువు గీత గీయమని కిటికీ దగ్గర కూర్చునే ఉద్యోగికి చెప్పాలి. ఫైలు ముగిసినప్పుడు గీతలు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయాలి. అంకిసా నుంచో ఆసరెల్లి నుంచో వచ్చే రైతుకు ఒక్కొక్క గీత అంటే బస్సు ఛార్జీ, పోయిన ఒకరోజు కూలి. ఏ నిర్ణేతకైనా ఇంతకంటె స్పష్టంగా అర్థమయ్యే కొలత నాకు తెలియదు. తెల్లవారి వచ్చి కచేరీ వేపచెట్టు కింద కూర్చుని, సాయంత్రం బస్సుకు పని కాకుండా వెళ్లిపోయేవారిని చూసిన ఉద్యోగికి ఈ గీత ఎందుకో వివరించి చెప్పనక్కర లేదు.

పోల్చే కాలాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. జూన్ నెలలో పాఠశాల, కళాశాల ప్రవేశాల కోసం ఉత్పన్న (ఆదాయ) దాఖలాలు, జాతి (కుల) దాఖలాలు వెల్లువెత్తుతాయి. వానాకాలంలో వాగులు పొంగి రాకపోకలు ఆగుతాయి. ఒక ఏడాది జూన్‌ను మరుసటి ఏడాది డిసెంబరుతో పోలిస్తే పని దానంతటదే తగ్గినట్లు కనిపిస్తుంది, అనుభవం ఉన్న నిర్ణేత అది వెంటనే పట్టుకుంటాడు. ఒకే మూడు నెలలను రెండు సంవత్సరాలలోనూ తీసుకోవాలి. సగటుతో పాటు నడిమి విలువను కూడా ఇవ్వాలి: దరఖాస్తులన్నింటినీ పట్టిన రోజుల వరుసలో పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్న దరఖాస్తుకు ఎన్ని రోజులు పట్టిందో రాయాలి. కోర్టు వివాదంలో చిక్కుకున్న రెండు మూడు ఫైళ్లు సగటును పాడు చేస్తాయి గాని, నడిమి విలువను అంతగా కదిలించలేవు.

ఆరు కట్టలు, చట్టం పెట్టిన గడువులు

కొత్త యంత్రం, కొత్త సాఫ్ట్‌వేర్ లేనిదే సంస్కరణ సాధ్యం కాదని అనుకునేవారికి మహారాష్ట్రలోనే మంచి సమాధానం ఉంది. 1980వ దశకంలో అహ్మద్‌నగర్ జిల్లాధికారి అనిల్‌కుమార్ లఖీనా కచేరీ కాగితాలను క్రమంలో పెట్టే పద్ధతిని అమలు చేసి చూపించారు. దానిని నేటికీ లఖీనా పద్ధతి అనే పిలుస్తారు. ప్రతి టేబుల్ మీది కాగితాలను ఆరు కట్టలుగా విడదీయడం ఇప్పుడు కచేరీల్లో అందరికీ తెలిసిన విషయమే: నిర్ణయం కావలసినవి, ఇతరుల జవాబు కోసం ఎదురుచూస్తున్నవి, నిర్ణీత కాలానికి పంపవలసిన నివేదికలు, స్థాయీ ఆదేశాల (ఎప్పటికీ వర్తించే ఉత్తర్వుల) సంచిక, అభిలేఖ (రికార్డు) గదికి పంపవలసినవి, నాశనం చేయవలసినవి. అభిలేఖ వర్గీకరణలో అ వర్గం శాశ్వతంగా, బ వర్గం 30 సంవత్సరాలు, క వర్గం 10 సంవత్సరాలు, క-1 వర్గం 5 సంవత్సరాలు, డ వర్గం ఒక సంవత్సరం ఉంచాలి. మార్పును ఇక్కడి నుంచి మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే మొదటి రెండు కట్టలను వేరు చేసిన రోజునే, తన దగ్గర ఆగినది ఎంత, పక్కవాడి దగ్గర ఆగినది ఎంత అన్నది ప్రతి ఉద్యోగికీ మొదటిసారి కంటికి కనబడుతుంది.

ప్రతిపాదనలో చట్టపు గడువులను తప్పక పేర్కొనాలి. బదిలీల నియంత్రణతో పాటు పనిలో జాప్యాన్ని నివారించేందుకు మహారాష్ట్ర 2005లో చేసిన చట్టం ప్రకారం, సాధారణంగా ఏ ఫైలూ ఒక ఉద్యోగి దగ్గర ఏడు పని దినాలకు మించి ఆగకూడదు. ఇతర శాఖకు పంపనక్కరలేని విషయంపై 45 రోజుల్లో, పంపవలసిన విషయంపై మూడు నెలల్లో నిర్ణయం జరగాలి. 2015 నాటి లోకసేవా హక్కు చట్టం అధిసూచిత (నోటిఫై చేసిన) సేవలకు గడువులు పెట్టి, సరైన కారణం లేకుండా ఆ గడువు మీరిన అధికారికి 500 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. గడువు లోపల పని చేయడం చట్టాన్ని పాటించడమే కనుక, అంతమాత్రాన్ని ఘనకార్యంగా రాసుకోకూడదు. గడువు లోపల ముగిసే దరఖాస్తుల నిష్పత్తి ఎంత పెరిగింది, గడువుకు ఎన్ని రోజుల ముందు ముగుస్తున్నాయి, తిరస్కరణలు పెరగకుండానే అది సాధ్యమైందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉంటే ప్రతిపాదన నిలబడుతుంది. తిరస్కరణల లెక్క ఇవ్వని ప్రతిపాదనలను నేనైతే నమ్మను. దరఖాస్తులను కొట్టివేసి కూడా ఫైళ్లు తొందరగా ముగించవచ్చు కదా.

భాష, ఏటి అవతలి బంధుత్వాలు

సరిహద్దు తాలూకాలకు ఉన్న ప్రత్యేకత ఇది, దీనిని ప్రతిపాదనలో విస్తారంగా రాయాలి. కచేరీ వ్యవహారం మరాఠీలో సాగుతుంది, ఫారాలు మరాఠీలో ఉంటాయి, కానీ ఇంట్లో తెలుగు, గోండీ, మాడియా మాట్లాడే దరఖాస్తుదారులకు ఏ కాగితం తక్కువైందో చెప్పే మెమో అర్థం కాదు. కాగితాలు పూర్తయ్యే నాటికే కాలమంతా గడిచిపోవడానికి మూలకారణం చాలాసార్లు ఇదే. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కష్టాన్ని విన్నవించుకునే అర్జీని కేంద్రంలో గాని, ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. తెలుగులో రాసిన అర్జీని తీసుకుని, దాని కింద మరాఠీలో రెండు వాక్యాల సారాంశం చేర్చి నమోదు చేసే పద్ధతిని కచేరీ ఉత్తర్వుగా అమలు చేస్తే, అది పైసా ఖర్చు లేని సంస్కరణ అవుతుంది.

వారస్ నోంద్ విషయంలో చిక్కు ఇంకా లోతైనది. ప్రాణహిత, గోదావరి దాటి ఇచ్చి పుచ్చుకోవడం మనకు తరతరాల అలవాటు. చనిపోయిన రైతు కూతురు కాళేశ్వరం వైపునో, చెన్నూరు వైపునో కాపురం ఉంటుంది. 2005 సవరణ తరువాత హిందూ వారసత్వ చట్టం కింద కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఉంది కనుక ఆమె పేరు వదిలి నమోదు చేయకూడదు. ఆమె చిరునామా తెలియక నోటీసు తిరిగి వస్తే ఫైలు ఆగుతుంది. ఆమె కాగితాలు తెలుగులో ఉంటే అనువాదం కోసం మళ్లీ ఆగుతుంది. మంచి కచేరీ ఇక్కడ చేయగలిగినది చాలా ఉంది. దరఖాస్తు తీసుకునే రోజునే వారసులందరి పేర్లు, పెళ్లయిన కూతుళ్ల ప్రస్తుత చిరునామా, ఫోను నంబరుతో సహా ఒకే పుటలో తెలుగు, మరాఠీ రెండు భాషల్లో నింపించడం; తలాఠీ ఏ ఊరికి ఏ వారం వస్తాడో వారపు అంగడి దగ్గర బోర్డు మీద రాయించడం; పేరు మార్పులను తేల్చే ఫేర్‌ఫార్ అదాలత్ జరిగే తేదీని రసీదు మీదనే ముద్ర వేసి ఇవ్వడం వలన ఏటి అవతలి ఆడపడుచు ఒక్కసారి వచ్చి పని ముగించుకుని పోగలదు. 2025లో బుల్‌ఢాణా జిల్లాలో మొదలై తరువాత రాష్ట్రమంతటా అమలైన జివంత్ సాత్‌బారా కార్యక్రమం చనిపోయిన పట్టాదారుల స్థానంలో వారసుల పేర్లు ఎక్కించేందుకే చేపట్టినది. ఒక జిల్లా పద్ధతి రాష్ట్ర పద్ధతి కావడం సాధ్యమేనని చూపడానికి దానిని ఉదహరించి, సరిహద్దు కుటుంబాలకు అదనంగా ఏమి అవసరమో మీ ప్రతిపాదన చెప్పగలగాలి.

జాతి దాఖలా ఉపవిభాగీయ అధికారి సంతకంతో వస్తుంది. సిరొంచ వారికి ఆ కచేరీ అహేరిలో ఉంది. ఒకే ఫైలు రెండు కచేరీల మధ్య తిరిగే ఇటువంటి సేవల్లో కొలత తీసేటప్పుడు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉన్నదో విడివిడిగా చూపాలి, లేకపోతే అది అవతలి కచేరీ మీద ఫిర్యాదులాగా కనిపిస్తుంది.

ప్రతిపాదన రాయడం, తనిఖీకి సిద్ధం కావడం

ప్రతిపాదనను అడిగిన భాషలో, అడిగిన పరిమితిలో రాయాలి. మొదటి పేరాలోనే సమస్య ఎవరిది, ఏమి మార్చారు, ఎంత తేడా వచ్చింది అన్నది చెప్పాలి. అధికారి పరిచయంతో, జిల్లా చరిత్రతో పుటలు నింపకూడదు. ఖర్చును నిజాయితీగా చూపాలి: బోర్డుకు, ముద్రణకు అయిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి. పని చేసినవారి పేర్లలో తహసీల్దార్, నాయబ్ తహసీల్దార్‌లతో పాటు పెన్సిలు గీతలు గీసిన మహసూల్ సహాయక్ (రెవెన్యూ గుమాస్తా), నోటీసులు మోసిన కొత్వాల్ (గ్రామ సేవకుడు), దరఖాస్తులు తీసుకునే సేతు కేంద్రంలో తెలుగు చదివి పెట్టిన ఆపరేటర్ పేర్లు కూడా తప్పక ఉండాలి. దీనిని మర్యాద కోసం చెప్పడం లేదు. తనిఖీ బృందం వచ్చినప్పుడు వారినే అడుగుతుంది, తమ పేరు ఉన్న పనిని ఎవరైనా కళ్లకు కట్టినట్టు వివరిస్తారు.

లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు జతపరచకూడదు. ఫోటో వాడితే ముందుగా వారి అనుమతి తీసుకోవాలి. ప్రధానమంత్రి పురస్కారం వంటి వాటిలో సేవ పొందినవారి అభిప్రాయాన్ని ఫోను ద్వారా కూడా సేకరిస్తారు, క్షేత్ర పరిశీలన కూడా ఉంటుంది. ఇచ్చే ఫోను నంబర్లు పనిచేస్తున్నాయో లేదో ముందు చూసుకోవాలి. ఎదుటివారు తెలుగులో మాత్రమే మాట్లాడగలరన్న సంగతిని జాబితాలోనే గమనికగా రాయాలి. ఏమి చెప్పాలో వారికి నేర్పడం మాత్రం చేయకండి. అది తప్పు, పైగా నేర్పిన మాట ఫోనులో వెంటనే పట్టుబడుతుంది.

తనిఖీ రోజున ప్రత్యేకంగా రంగులు, పూలకుండీలు అవసరం లేదు. నోటుపుస్తకం, ఆరు కట్టలు, స్థాయీ ఆదేశాల సంచిక, నమూనాగా ఏవైనా ఇరవై ఫైళ్లు బల్ల మీద ఉంటే చాలు. ఆ ఇరవై ఏవో బృందాన్నే ఎంచుకోనివ్వాలి.

పురస్కారం స్వీకరించడం

ప్రభుత్వం ఇచ్చే పురస్కారానికి అధికార మార్గంలోనే ఆహ్వానం వస్తుంది. ప్రైవేటు సంస్థలు ఇచ్చే సన్మానాల విషయంలో జాగ్రత్త అవసరం. కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళిలోని 14వ నియమం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా తమ గౌరవార్థం జరిగే సభలకు హాజరు కావడం గాని, అభినందన పత్రాలు స్వీకరించడం గాని కూడదు. మహారాష్ట్ర ఉద్యోగులకు 1979 ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. నామినేషన్ రుసుము, టేబుల్ ఛార్జీ అంటూ డబ్బు అడిగే పురస్కారాలకు దరఖాస్తు చేయకపోవడమే మేలు. ఊరి యువజన సంఘం శాలువా కప్పుతానన్నా కూడా పై అధికారికి రాతపూర్వకంగా తెలిపి అనుమతి తీసుకోవడంలో ఇబ్బంది ఏమీ లేదు.

వ్యక్తిగతంగా నగదు అందే పురస్కారమైతే, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 10(17ఎ) సెక్షన్ ప్రభుత్వం ప్రజాప్రయోజనార్థం నెలకొల్పిన పురస్కారాలకు మినహాయింపు ఇచ్చేది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లో ఉన్నందున, ఉత్తర్వు నకలుతో కోశాగారం (ట్రెజరీ)లోగాని, పన్ను సలహాదారు దగ్గరగాని ప్రస్తుత నిబంధన అడిగి తెలుసుకోవాలి. ప్రశస్తి పత్రం నకలును సేవా పుస్తకంలో చేర్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. బృందంలోని కొత్వాల్‌కు కూడా అదే రోజున అదే పని చేయించాలి. జిల్లాకు వచ్చిన మొత్తంలో కొంత భాగాన్ని ద్విభాషా ఫారాల ముద్రణకు, వేచి ఉండే చోట నీడకు, తాగునీటికి కేటాయించమని ప్రతిపాదన పెట్టడం ఉత్తమం.

ఇక అధికారి బదిలీ అయ్యే రోజు వస్తుంది. పద్ధతి ఆ మనిషితోపాటే వెళ్లిపోకుండా ఉండాలంటే తెలుగు అర్జీల స్వీకారం, రసీదు మీద అదాలత్ తేదీ ముద్ర, అంగడి దగ్గర బోర్డు అనే మూడింటికీ విడివిడిగా కచేరీ ఉత్తర్వులు జారీ చేయించి, నంబర్లతో స్థాయీ ఆదేశాల సంచికలో పెట్టి, బాధ్యతల అప్పగింత జాబితాలో ఆ నంబర్లను రాయించాలి. ఆరు తేదీల నోటుపుస్తకానికి ఆవక్-జావక్ రిజిస్టరు పక్కనే చోటు చూపించి, దానిని నింపే బాధ్యత ఏ టేబుల్‌దో కూడా ఆ జాబితాలోనే చేర్చి, ఇద్దరి సంతకాలు తీసుకోవాలి.